చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజన్‌కు మేలేనా?

హోసూరు చుట్టుపక్కల బాగలూరు, బేరికె, శూలగిరి పల్లెలలో కారు ఇప్పుడు అరుదైన వస్తువు కాదు. అయితే చేతులు మారి వచ్చిన పాత కార్లకు కంపెనీ ఇచ్చిన పుస్తకం చాలాసార్లు దారిలోనే తప్పిపోయి ఉంటుంది. ఇక ఏ ఆయిల్ పోయాలన్నది నోటిమాట మీదే నడుస్తుంది. 'మనది ఎండల సీమ, చిక్కటిదే మంచిది' అన్నది అందులో ప్రధానమైన మాట. అది పాత ఇంజన్ల కాలం నాటిది.

డబ్బా మీద 5డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 వంటి అంకెలుంటాయి. డబ్ల్యూ అంటే వింటర్, అనగా చలికాలం. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చల్లని ఇంజన్‌లో ఆయిల్ అంత త్వరగా పారుతుంది. తరువాతి అంకె 100 డిగ్రీల వేడి వద్ద దాని చిక్కదనాన్ని తెలుపుతుంది. 40 అంటే 40 డిగ్రీల ఎండకు తగినదని కొందరు భావిస్తారు, అది సరికాదు. రేడియేటరు, థర్మోస్టాటు కలిసి ఇంజన్ వేడిని అదుపులో ఉంచుతాయి గనుక సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న హోసూరులోనైనా, దిగువన వేడెక్కే కృష్ణగిరిలోనైనా అదే ఆయిల్ సరిపోతుంది.

మన పుష్యమాసపు చలికి 20డబ్ల్యూ ఆయిల్ కూడా గడ్డకట్టదు. మరి పలుచనిది ఎందుకు? రాత్రంతా ఆయిల్ అడుగుకు దిగిపోతుంది. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు అది పైభాగానికి చేరేదాకా భాగాలకు తగినంత రక్షణ ఉండదు. పైగా నేటి ఇంజన్లలో ఆయిల్ దారులు సన్ననివి. వాటిలో చిక్కటిది పోస్తే మైలేజీ కూడా తగ్గుతుంది. అలాగని 20డబ్ల్యూ-40 కోసం రూపొందిన పాత ఇంజన్‌లో 0డబ్ల్యూ-20 పోయడమూ తగదు. ఆ పలుచని పొర అక్కడి బరువును మోయలేకపోవచ్చు. కంపెనీ చెప్పిన గ్రేడే ప్రమాణం. పుస్తకం లేకున్నా మోడలు, తయారైన సంవత్సరం చెబితే అధీకృత సర్వీసు కేంద్రంలో తెలుస్తుంది. కొన్ని కార్లకు ఆయిల్ పోసే మూత మీదే ముద్రించి ఉంటుంది.

గ్రేడు ఒక్కటే చూస్తే చాలదు. ఏపీఐ గుర్తులో ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజన్లకు, సి తో మొదలయ్యేవి డీజిలు ఇంజన్లకు ఉద్దేశించినవి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చిన తరువాతి డీజిలు కార్లలో పొగలోని మసిని పట్టే వడపోత ఉంటుంది. వాటికి బూడిద తక్కువగా మిగిల్చే ప్రత్యేకమైన ఆయిల్ కావాలి. లారీలకని తెచ్చిన పీపాలోది పోస్తే ఆ వడపోత పూడుకుపోతుంది. దాన్ని మార్చే ఖర్చుతో పోల్చితే ఆయిల్‌లో మిగిల్చిన డబ్బు ఏపాటిది?

కారుకు పోయగా మిగిలినది మోటారు సైకిలుకు పోసే అలవాటూ మంచిది కాదు. చాలా బండ్లలో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్‌తో అది జారవచ్చు. బండి ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ అన్న గుర్తు ఉండాలి.

పూలు, పాలు వేసుకొని నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కార్లలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, తేమ లోపలే నిలిచిపోతుంది. అటువంటివారు కిలోమీటర్ల లెక్క పూర్తికాకున్నా, కంపెనీ చెప్పిన నెలల గడువుకే ఆయిల్ మార్పించాలి.