చదరంగపు గ్రంథములను ఎన్నుకొనుట

చదరంగమున ప్రావీణ్యము సంపాదింపగోరి పుస్తకముల అంగడికి పోవువారిలో పెక్కుమంది మొదట చేతికి తీసికొనునవి ఆరంభపుటెత్తులను గూర్చిన గ్రంథములే. సిసిలియన్ డిఫెన్సునో, కింగ్స్ ఇండియన్‌నో పదునైదు ఎత్తులవరకు కంఠస్థము చేసినచో ఎదిరిని ఇట్టే లొంగదీయవచ్చునని వారి ఆశ. కాని ఆ ఎదిరి ఐదవ యెత్తునందే వేరొక దారి పట్టెనేని, నేర్చినదంతయు నిరర్థకమై, ఏ యెత్తు ఏల వేసితినో ఎరుగని అభ్యాసి దిక్కుతోచక నిలిచిపోవును. కావున గ్రంథమును పరీక్షించునపుడు చూడవలసినది ముఖ్యముగా ఒక్కటి: గ్రంథకర్త ఎత్తును చెప్పి ఊరకుండెనా, దాని హేతువును సైతము విప్పిచెప్పెనా?

ఈ పరీక్షకు నిలిచినవానిలో ఇర్వింగ్ చెర్నెవ్ 1957లో వెలువరించిన ‘లాజికల్ చెస్’ ప్రథమగణ్యము. అందలి 33 ఆటలయందును దాదాపు ప్రతి యెత్తునకు వ్యాఖ్య గలదు. రాజు ముందరి బంటును రెండు గడులు నడుపుటవంటి సర్వసామాన్యమైన యెత్తును గూడ ఆయన మరల మరల వివరించును. పండితునకు ఇది చర్వితచర్వణముగా తోచవచ్చును. కాని కేంద్రమును ఆక్రమించుట, బలములను త్వరగా బయటికి తెచ్చుట అను సూత్రములు క్రొత్తవాని మనస్సున నాటుకొనుట ఆ పునరుక్తి వలననే.

క్యూబా దేశీయుడగు కాపాబ్లాంకా, తాను ప్రపంచవిజేతయైన 1921లోనే ప్రకటించిన ‘చెస్ ఫండమెంటల్స్’ను ఏనుగు, రాజు కలిసి ఒంటరి రాజునకు ఆటకట్టు చేయు విధముతో ఆరంభించెను. అంత్యమును ముందు బోధించుట వింతగా తోచినను, బల్లపై బలములు కొలదిగా ఉన్నప్పుడే ఒక్కొక్కదాని నిజశక్తి కన్నులకు గట్టునని నా దృఢవిశ్వాసము.

ఏనుగుల అంత్యక్రీడలలో లుసేనా స్థితి యని ప్రసిద్ధమైనదొకటి గలదు. గెలువగోరువాని బంటు ఏడవ వరుసకు చేరియుండును. దాని ముందటి గడిలో అతని రాజే అడ్డుగా నిలిచియుండును. ఎదిరి రాజు ఒక నిలువు వరుసకు ఆవల నిలిపివేయబడియుండును. తన రాజు వెలికి వచ్చినచో ఎదిరి ఏనుగు ఎడతెగక చెక్కులు చెప్పును. నేర్పరి తన ఏనుగును ముందుగానే నాల్గవ వరుసకు తెచ్చి యుంచును. ఏల నాల్గవ వరుసకే? చెక్కులను తప్పించుకొనుచు ఐదవ వరుసకు దిగివచ్చిన రాజునకు, సరిగా ఆ క్రింది గడిలో ఈ ఏనుగు అడ్డుపడి, బంటు మంత్రి యగుటకు దారి విడుచును. ఈ హేతువును చెప్పక ఎత్తులను మాత్రము అచ్చువేసిన గ్రంథము, గెలువవలసిన ఆటను డ్రా కాకుండ కాపాడజాలదు. (1497 నాటి లుసేనా గ్రంథమున ఈ స్థితియే కానరాకుండుట, 1634 నాటి సాల్వియో గ్రంథమున కానవచ్చుట చరిత్రలోని విశేషము.)

నిమ్జోవిచ్ రచించిన ‘మై సిస్టమ్’ 1925 నాటిది, మహాగ్రంథము. ఎదిరి బంటును అడ్డగించి నిలుపుటను, అతని సంకల్పమును ముందే పసిగట్టి వారించుటను అంత లోతుగా చర్చించిన గ్రంథములు అరుదు. ఐనను, మంత్రిని ఊరక పోగొట్టుకొనుచున్న దశలో దానిని చేపట్టుట అకాలము. అట్టివానికి రీన్‌ఫెల్డ్ 1955లో కూర్చిన 1001 బలిదానముల, సంయుక్తప్రయోగముల సమస్యలు దినమునకు కొన్నిగా సాధించుట ఎంతయో మేలు.

ఎవరికేది తగునో నిర్ణయించుటకు వారు ఓడిన ఆటలే ప్రమాణములు. బాబీ ఫిషర్ అంతటివాడు 1969లో ప్రకటించిన ‘మై 60 మెమొరబుల్ గేమ్స్’లో తాను ఓడిన మూడు ఆటలను సైతము చేర్చి, శ్రద్ధతో వ్యాఖ్యానించెను. మనమును ఇటీవలి మన ఓటములను వ్రాసియుంచుకొని, ఆట చేజారిన చోటు ఆరంభమా, మధ్యమా, అంత్యమా అని గుర్తించిన పిదపనే కొనుటకు పోవలెను. పాత ఆంగ్లగ్రంథమైనచో ఎత్తులను వ్రాయు పద్ధతి వేరుగా ఉండును. నేడు ఈ4 అనునది అందు పీ-కే4 గా కన్పట్టును. కొన్నదానిని బల్లపై బలములు పేర్చుకొని, రాబోవు యెత్తును కాగితముతో కప్పి, తానే ఊహించి, పిదప సరిచూచుకొనుచు చదువవలెను. ఇట్లు ఒక గ్రంథమునకు ఆరుమాసములు పట్టినను, అంతవరకు రెండవదానిని కొనవలసిన పనిలేదు.