అక్షరం వాలితే...

సాయంకాలం వేళ గవర్నర్‌పేటలో ఏలూరు రోడ్డు వెంట నాలుగడుగులు వేసి చూడండి. పుస్తకాల షాపులు, మందుల షాపులు, బట్టల కొట్లు... ఎటు చూసినా అక్షరాలే! కొన్ని బుద్ధిగా నిటారుగా నిలబడతాయి. కొన్ని మాత్రం లావెక్కి, కదిలిపోతున్న బస్సును అందుకోబోయే పెద్దమనిషిలా ముందుకు వాలి ఉంటాయి. ఈ లావూ, ఈ వాలూ ఎక్కడివో ఎప్పుడైనా ఆలోచించారా?

వాలు టైపుతో మొదటి పుస్తకం 1501లో ఇటలీలోని వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ అచ్చువేశాడు. అక్షరాల కొసలకు కొమ్ములు లేని ఇంగ్లీషు టైపు 1816లో లండనులో విలియం కాస్లన్ నమూనా పుస్తకంలో కనిపించింది. 1927లో జర్మనీలో పాల్ రెన్నర్ ‘ఫ్యూచురా’ను రూపొందించాడు. అందులోని లావు వాలు రకం ప్రకటనలవాళ్ళకు ముద్దుబిడ్డ. ఆటల సామాన్లకూ, మోటారు బళ్ళకూ, తగ్గింపు ధరలకూ ఆ వాలు వేగాన్ని ఇస్తుంది మరి!

ఇంగ్లీషుకు అమరిన ఈ సొగసు తెలుగుకు అమరుతుందా?

మా మేనల్లుడు పరుపుల కొట్టు పెట్టాడు. బోర్డు కంప్యూటరు మీద తయారవుతోంది. “మామయ్యా, లావుగా, వాలుగా ఉంటే అదిరిపోతుంది!” అన్నాడు. మీట నొక్కారు, అక్షరాలు లావెక్కాయి, వాలాయి. బోర్డు వచ్చింది. ఎదుటి పేవ్‌మెంటు మీద నిలబడి చూస్తే ‘పరుపులు’ కాస్తా ‘వరువులు’ అయి కూర్చుంది!

కారణం చిన్నదే. ‘వ’కు తలకట్టు అంటుకొని ఉంటుంది. ‘ప’కు విడిగా ఉంటుంది. గీత లావైతే ఆ సందు కాస్తా పూడిపోతుంది. ‘థ’ కడుపులోని చుక్కకూ అదే గతి. ఇక అక్షరాన్ని ఊరికే వాలిస్తే పైనున్న గుడి కుడికి జరుగుతుంది, కింది వత్తు ఎడమకు జరిగి పక్కింటి అక్షరం కిందికి చేరుతుంది.

కుంచె పట్టిన బోర్డు పెయింటర్లకు ఈ బాధ లేదు. సందు పూడేచోట గీతను కాస్త సన్నం చేసేవారు. వత్తును దాని అక్షరం కిందికే లాగేవారు. బాపుగారి దస్తూరి కంప్యూటరు అక్షరాలుగా మారి ఇంటింటికీ వచ్చిందంటే, అందులో చేతి నేర్పు ఉన్నందువల్లనే. పెద్ద శీర్షికలకోసం అష్టదిగ్గజాలలోని రామభద్రుని పేర ‘రామభద్ర’ అనే లావు తెలుగు ఫాంటు కూడా ఉచితంగా దొరుకుతోంది. లావుకు తగినట్టు గీసిన అక్షరం వేరు, బలవంతాన లావు చేసిన అక్షరం వేరు.

కనుక పెళ్ళిపందిరి బ్యానరైనా, కొట్టు బోర్డైనా, అచ్చుకు ఇచ్చేముందు నమూనాను ఇరవై అడుగుల దూరాన పెట్టి, ఆ మాట ఏమిటో తెలియని మనిషిచేత చదివించండి. మేనల్లుడు రెండో బోర్డుకు అలాగే చేశాడు. ఇప్పుడందరూ ‘పరుపులు’ అనే చదువుతున్నారు.

వాలు అక్షరానికి తొందర ఉంటే ఉండవచ్చుగాక. రాయించేవారికి మాత్రం ఉండరాదు!