వెబ్ చిరునామా... వెనక నుంచి చదవండి!

నారాయణఖేడ్‌లోని చుట్టాలకు ఉత్తరం రాయాలంటే... పేరు, ఇల్లు, ఊరు, జిల్లా, రాష్ట్రం అని వరసగా రాస్తాం. తపాలా శాఖ మాత్రం దాన్ని కింద నుంచి పైకి చూస్తుంది. ముందు రాష్ట్రం, తర్వాత జిల్లా, ఆఖరున ఇల్లు. వెబ్‌సైట్ చిరునామాదీ అదే లెక్క!

నారాయణఖేడ్ ఉన్న సంగారెడ్డి జిల్లా అధికారిక వెబ్‌సైట్‌నే తీసుకోండి. 'సంగారెడ్డి డాట్ తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్'. చివరనున్న 'ఇన్' అంటే ఇండియా. దానికి ముందున్న 'గవ్' ప్రభుత్వానికి గుర్తు. ఆపైన రాష్ట్రం, జిల్లా. 'గవ్ డాట్ ఇన్' ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. 'డాట్ కామ్', మామూలు 'డాట్ ఇన్' పేర్లు అలా కాదు. ఖాళీగా ఉంటే రుసుము కట్టి ఎవరైనా తీసుకోవచ్చు.

అంకెలే అసలు అడ్రసు

నిజానికి కంప్యూటర్లకు పేర్లతో పనిలేదు. ఒకదాన్నొకటి అంకెలతోనే గుర్తుపడతాయి. అదే ఐపీ అడ్రస్. ఆ అంకెలు మనకు గుర్తుండవు కాబట్టి, పేరు చెబితే నంబరు వెతికిపెట్టే డొమైన్ నేమ్ సిస్టమ్‌ను 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించారు. మనం పేరు టైపు చేయగానే అది ముందు 'ఇన్' వివరాలు ఎక్కడున్నాయో కనుక్కుంటుంది. అక్కడి నుంచి 'గవ్', ఆ తర్వాత తెలంగాణ, సంగారెడ్డి... అంతా రెప్పపాటులో!

2016 అక్టోబరులో నారాయణఖేడ్ మెదక్ జిల్లా నుంచి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఊరు కదల్లేదు, చిరునామా మారింది. ఇంటర్నెట్‌లో దీనికి తిరకాసు. వెబ్‌సైట్‌ను మరో కంప్యూటర్‌లోకి మార్చినా పేరు అదే ఉంటుంది, వెనకున్న నంబరే మారుతుంది.

మోసం ఇక్కడే!

'సంగారెడ్డి డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ ఫలానా డాట్ కామ్' అని లింకు వచ్చిందనుకోండి. మొదట్లో 'గవ్' కనిపించగానే నమ్మేస్తాం. కానీ ఆ సైటు 'ఫలానా' వాళ్లది! అందుకే మొదటి అడ్డగీత దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి. తాళం గుర్తు ఉన్నా సరే... మన సమాచారం దారిలో ఎవరి కంటా పడదనే అది చెబుతుంది, అవతలి వాళ్లు మంచివాళ్లని కాదు.

ఈ బెడద తగ్గించడానికే బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా 'బ్యాంక్ డాట్ ఇన్' పేర్లకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఒకవేళ డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

స్కాలర్‌షిప్ అనో, రైతు సాయం అనో ఈసారి లింకు వస్తే నొక్కేముందు ఒక్కసారి... వెనక నుంచి చదవండి!