నీటి కుంట, నేల కుంట

నిత్యము నోట నానెడి మాటలను మనము నిఘంటువులో వెదకము. తెలిసినవే గదా యని ఉపేక్షింతుము. నల్లగొండ, పాలమూరు సీమలలో ‘కుంట’ యట్టి మాట.

కుంట యనగా చిన్న చెరువు. పల్లపుచోట కట్ట వేసి వాననీటిని నిలుపుకొన్నది. చెరువు ఊరికి పంట నిచ్చును. కుంట నాలుగు మళ్లను తడిపి, పశువుల దాహము తీర్చి, చుట్టుపట్ల బావులలో ఊట నిలుపును. కృష్ణ పొలిమేరలోనే పారుచున్నను, ఎత్తిపోతలు రాకపూర్వము ఆ నీరు ఈ మెట్టల కెక్కలేదు. పడిన వానను పడినచోటనే పట్టుకొనుట ఇచటి సేద్యమునకు ప్రాణము. పానగల్లున కందూరు చోడుల నాటి ఉదయసముద్రము పేరెన్నిక గన్నది. ఊరూర నున్న కుంటలు దానికి చిన్న చెల్లెండ్రు.

ఇక రెండవ యర్థము నేలకొలత. ఎకరములో నలుబదవ వంతు, అనగా 121 చదరపు గజములు. కాగితములలో ‘గుంట’ యని యున్నను, పల్లెనోట ‘కుంట’ యనియు వినబడును. పొరుగున కన్నడిగులు నీటిదానిని ‘కుంటె’ యని, కొలతను ‘గుంటె’ యని వేరుచేసికొన్నారు. కళింగాంధ్రమున ‘గుంట’ యన్నచో ఆడపిల్ల! మా పాలమూరు రైతు తనకు రెండెకరముల పది గుంట లున్నవని చెప్పినచో, శ్రీకాకుళపు మిత్రుడు నవ్వకుండునా?

నవ్వు సరే, ఒక దిగులు కూడ కలదు. ఈ రెండర్థములలో ఒకటి రెండవదానిని మింగుచున్నది. వానలు తప్పిన యేడు కుంట యెండును. ఎండిన శిఖమున మొదట నాగలి దిగును, పిదప హద్దురాళ్లు దిగును. నీటి కుంట నేల కుంటలుగా తెగి, తుదకు గజముల లెక్కకు వచ్చును. హైదరాబాదున నల్లకుంట నేడొక పేట పేరు. అయినను ఆశ లేకపోలేదు. 2015లో మిషన్ కాకతీయ పేర చెరువులు, కుంటల పూడికతీత మొదలైనది. 2025లో అంబర్‌పేట బతుకమ్మ కుంట మరల నీరు నింపుకొన్నది.

ఒకనాడు తరగతిలో ‘కుంట యనగా నేమి?’ అని యడిగితిని. పలువురు లెక్క చెప్పిరి: నలుబది యైన ఎకరము. వెనుక వరుసలో నొక బాలిక మెల్లగా లేచి, “మేము బతుకమ్మను సాగనంపే చోటు సార్” అన్నది.

నిఘంటువున కెక్కవలసిన యర్థ మదియే. ఆ యర్థము నిలువవలెనన్న, కుంటలో నీరు నిలువవలెను.