రాజనీతి జంతుకథలు – కథన రీతులు

సంస్కృతంలో వెలసిన పంచతంత్రం ప్రపంచ కథాసాహిత్యానికి భారతదేశం అందించిన అమూల్యమైన కానుక. విష్ణుశర్మ అనే పండితుడు, చదువుపై ఆసక్తి లేని ముగ్గురు రాజకుమారులకు ఆరు నెలలలో నీతిశాస్త్రం నేర్పడానికి ఈ కథలు చెప్పినట్లు గ్రంథారంభంలో ఉంది. తెలుగులో దూబగుంట నారాయణకవి 15వ శతాబ్దంలో దీనిని పద్యకావ్యంగా రచించాడు. పరవస్తు చిన్నయసూరి 1853లో 'నీతిచంద్రిక' పేరుతో మిత్రలాభ, మిత్రభేదాలను గద్యంలో వెలయించాడు. ఈ కథలలోని ప్రధానమైన కథన రీతులను మిత్రభేదం ఆధారంగా పరిశీలిద్దాం.

మొదటిది అన్యాపదేశం. ఒకరిని గురించి చెబుతున్నట్లు కనిపిస్తూ మరొకరిని ఉద్దేశించడమే అన్యాపదేశం. పింగళకుడనే సింహం రాజు. కరటక దమనకులనే నక్కలు పదవులకు దూరమైన మంత్రిపుత్రులు. సంజీవకుడనే వృషభం బయటి నుండి వచ్చి రాజుకు ఆప్తుడైనవాడు. అడవి పేరుతో ఇక్కడ వర్ణితమైనది రాజాస్థానమే. రాజు ముఖం మీద చెప్పరాని మాటను సింహం మీద పెట్టి చెప్పవచ్చు. పాత్రల పేర్లు కూడా సార్థకాలు. దమనకుడంటే అణచివేసేవాడు.

రెండవది కథలో కథను పొదగడం. తనకు సంబంధించని పనిలో తలదూర్చవద్దని హెచ్చరించడానికి కరటకుడు, దుంగలోని మేకును పెరికి మరణించిన కోతి కథ చెబుతాడు. బలం కంటే ఉపాయం గొప్పదని నిరూపించడానికి దమనకుడు, సింహాన్ని బావిలో పడవేసిన కుందేలు కథ చెబుతాడు. కుందేలు తన ప్రాణరక్షణకు వాడిన తెలివిని దమనకుడు మిత్రద్రోహానికి ఆధారం చేసుకుంటాడు. కనుక నీతిని గ్రహించేటప్పుడు కథను ఎవరు, ఎందుకు చెబుతున్నారో కూడా గమనించాలి.

మూడవది నాటకీయ వ్యంగ్యం. పాత్రలకు తెలియని సత్యం పాఠకునికి తెలిసి ఉండటం దీని లక్షణం. వృషభం కొమ్ములు ఎత్తి వస్తే ద్రోహమని గ్రహించమని దమనకుడు సింహానికి చెబుతాడు. సింహం చెవులు నిక్కించి, తోక ఎత్తి చూస్తే చంపనున్నదని వృషభానికి చెబుతాడు. ఇద్దరూ భయంతో ఆత్మరక్షణకు సిద్ధపడతారు. ఒకరి జాగ్రత్తే రెండవవారికి ద్రోహానికి సాక్ష్యంగా కనిపిస్తుంది. చివరకు నిరపరాధి అయిన సంజీవకుడు మిత్రుని చేతిలోనే హతుడవుతాడు.

సంస్కృత పంచతంత్రంలో దమనకునికి శిక్ష పడదు. పశ్చాత్తాపపడుతున్న రాజును ఓదార్చి అతడు మంత్రిగా నిలుస్తాడు. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా రచించిన అరబ్బీ అనువాదం 'కలీలా వ దిమ్నా'లో మాత్రం దిమ్నాపై విచారణ జరిపి శిక్షించే అధ్యాయం అదనంగా కనిపిస్తుంది. ఈ అధ్యాయం దోషికి శిక్ష పడాలన్న న్యాయదృష్టిని తృప్తిపరుస్తుంది. సంస్కృత కథ చాడీలను విచారించకుండా నమ్మిన పాలకుని దోషాన్ని పాఠకుని ముందు నిలిపి, తీర్పును అతనికే విడిచిపెడుతుంది. విన్న మాటను నమ్మేముందు విచారించాలన్నదే రెండు ముగింపులూ కలిసి బోధించే రాజనీతి.