తప్పు ప్రశ్నకు సరియైన సమాధానమేది?

కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలోనో, 2023లో రాజమహేంద్రవరంలో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలలోనో ప్రవేశం కోరే మన విద్యార్థులు ఒకప్పుడు ఎంసెట్ వ్రాసేవారు. 2017 నుండి ఆ స్థానాన్ని నీట్ ఆక్రమించినది. ఆ పరీక్షను తెలుగులో వ్రాయవచ్చు. 2018 నుండి ఉర్దూలోనూ వ్రాయవచ్చు. ఇంతటి పరీక్షలో ప్రశ్నయే లోపభూయిష్టమైతే విద్యార్థి ఏమి చేయాలి? 2024లో జరిగిన ఒక వివాదం ఈ విషయాన్ని చక్కగా బోధిస్తున్నది గనుక దానినే మేము ఇక్కడ వివరింపదలచాము.

ఆ సంవత్సరం మే 5న జరిగిన పరీక్షలో, భౌతికశాస్త్ర విభాగంలో రెండు వాక్యాలిచ్చి వాటిలో ఏవి సత్యమో చెప్పమన్నారు. పరమాణువులో ధన, ఋణ ఆవేశాలు సమానంగా ఉండుటచే అది విద్యుత్తటస్థమని మొదటి వాక్యం. ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరమైనవనీ, తమకు విశిష్టమైన వర్ణపటాన్ని వెలువరిస్తాయనీ రెండవ వాక్యం. మొదటిదానిపై వివాదం లేదు. చిక్కంతా రెండవదానిలోని ‘ప్రతి’ అనే చిన్న మాటతో వచ్చినది.

యురేనియం, రేడియం వంటి మూలకాల పరమాణువులు తమంతట తామే విచ్ఛిన్నమవుతాయని మనమందరం చదువుకొన్నదే. కనుక ‘ప్రతి మూలకం’ అనుట పొరపాటు. అయితే స్థిరత్వమనే పదానికి మరొక అర్థం కూడా ఉన్నది. రూథర్‌ఫర్డ్ నమూనా ప్రకారం కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాను శక్తిని కోల్పోతూ చివరకు కేంద్రకంలో పడిపోవాలి; వాస్తవంలో అలా జరగదు. ఆ అర్థంలో యురేనియం పరమాణువు కూడా స్థిరమైనదే. ఎన్.సి.ఇ.ఆర్.టి. పాత ముద్రణలో ‘ప్రతి మూలకం’ అని ఉండగా, కొత్త ముద్రణలో ‘అధిక సంఖ్యాక మూలకాలు’ అని సవరించారు. అన్నగారి పాత పుస్తకం చదివిన తమ్ముడు ఒక సమాధానం, కొత్త పుస్తకం కొన్నవాడు మరొక సమాధానం గుర్తించారు. పుస్తకాలు చేతులు మారే ఇండ్లలో ఇది సహజమే కదా!

పరీక్షా సంస్థ మొదట నాల్గవ ఐచ్ఛికాన్నే, అనగా మొదటి వాక్యం ఒప్పు, రెండవది తప్పు అనుదానినే, సమాధానంగా ప్రకటించినది. ఈ ఒక్క ప్రశ్నపై 13 వేలకు పైగా అభ్యంతరాలు రాగా, రెండు వాక్యాలూ ఒప్పేనన్న రెండవ ఐచ్ఛికానికి కూడా మార్కులిచ్చినది. పరస్పర విరుద్ధమైన రెండు సమాధానాలు ఏకకాలంలో సరియైనవి ఎట్లా అవుతాయని సుప్రీంకోర్టులో ప్రశ్నించారు. కోర్టు జూలై 22న, ముగ్గురు నిపుణులను నియమించి మరునాటికి అభిప్రాయం తెలుపవలసినదిగా ఢిల్లీ ఐ.ఐ.టి. సంచాలకులను ఆదేశించినది. నాల్గవ ఐచ్ఛికమే సరియైనదని వారు తేల్చారు.

ఫలితమేమి? రెండవ ఐచ్ఛికాన్ని గుర్తించిన 4 లక్షల 20 వేలకు పైగా విద్యార్థులు 4 మార్కులు కోల్పోవుటయేగాక, తప్పు సమాధానానికి 1 మార్కు చొప్పున తగ్గింపును కూడా భరించారు. 720కి 720 పొందిన 61 మందిలో 44 మంది ఆ స్థానం నుండి దిగిపోయారు. 17 మందే మిగిలారు. తీర్పు తర్కబద్ధమే. కాని స్థిరత్వమంటే ఏ స్థిరత్వమో చెప్పని ప్రశ్నను రచించిన దోషం మాత్రం విద్యార్థులది కాదని మా అభిప్రాయం.

ఇటువంటి తగవు కొత్తది కాదు. కాన్పూర్ విశ్వవిద్యాలయానికీ, వైద్యవిద్యా ప్రవేశం కోరిన విద్యార్థులకూ నడచిన వ్యాజ్యంలో 1983లోనే సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పినది: ప్రకటిత సమాధానం సరియైనదనే భావించాలి, అది తప్పని స్పష్టంగా నిరూపించినప్పుడే విద్యార్థికి ఉపశమనం. ఆ విద్యార్థులు ప్రామాణిక గ్రంథాలు చూపి గెలిచారు. ఆ తీర్పు వ్రాసినది ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్, 2024లో ధర్మాసనానికి నాయకత్వం వహించినది వారి కుమారుడు డి.వై. చంద్రచూడ్!

విదేశాలలో వైద్యం చదివి వచ్చేవారి అర్హతా పరీక్షలో ఈపాటి వెసులుబాటు కూడా లేదు. 300 ప్రశ్నలలో 150 మార్కులు వస్తే ఉత్తీర్ణత. 149 వస్తే మరల వ్రాయవలసినదే. ప్రశ్నపత్రం అభ్యర్థి చేతికి రాదు, పునర్మూల్యాంకనమూ లేదు. ప్రశ్నలలో దోషమున్నదో లేదో నిపుణులే పరీక్షానంతరం పరిశీలిస్తారు.

నీట్‌లో అభ్యంతరం తెలుపుటకు 2024లో ప్రశ్నకు 200 రూపాయల రుసుము చెల్లించవలసి వచ్చినది; అది తిరిగి రాదు. గడువు కొద్ది రోజులే. కనుక పుస్తకం ఏ సంవత్సరపు ముద్రణయో, ఏ పుటలో ఏమున్నదో ముందే చూచుకొనాలి. తెలుగు, ఉర్దూ మాధ్యమాల వారు మరొకటి గమనించాలి: అనువాదంలో సందేహం కలిగితే ఆంగ్ల పాఠమే ప్రమాణమని నియమమున్నది. ప్రశ్నపుస్తకంలో రెండు భాషలూ ఉంటాయి గనుక, సందేహం తోచినచోట ఆంగ్ల వాక్యాన్ని కూడా చదివిన తరువాతనే వృత్తాన్ని నింపవలెను.