చేపల తొట్టెకు అలుగు

చెరువు నుండి నీరు వెలుపలికి పోవడానికి రెండు దారులుంటాయి. ఒకటి తూము, రెండవది అలుగు. తూము అడుగున ఉంటుంది. తెరిచి మరచిపోతే చెరువు ఖాళీ అవుతుంది. అలుగు, అనగా తెలంగాణంలో మత్తడి, కట్ట తలకంటె కొంచెం కిందుగా ఉంటుంది. అది ఏడాది పొడుగునా తెరిచే ఉన్నా, తన మట్టానికి దిగువనున్న నీటిని ఒక్క చుక్కయినా వదలదు. ఇంటిలో రంగుచేపల తొట్టెకు పొర్లుగొట్టం అమర్చదలచినవారు మొదట ఈ భేదాన్ని గ్రహించవలె.

పెద్ద అద్దాల తొట్టెలకు బల్ల కింద మరొక తొట్టెను, అనగా సంపును అమర్చడం వాడుక. వడపోత సామగ్రి, పంపు అందులో ఉంటాయి. పంపు నీటిని పైకి ఎక్కిస్తుంది. పైతొట్టెలో ఎక్కువైన నీరు పొర్లుగొట్టం ద్వారా కిందికి దిగుతుంది. ఎక్కినంత నీరు దిగుతున్నంతకాలం చిక్కు లేదు. పంపు ఆగినప్పుడు, లేక దిగే గొట్టం మూసుకొన్నప్పుడు చిక్కు వస్తుంది.

కరెంటు పోయి పంపు ఆగినదనుకొందాం. నీటిని ఎక్కించే గొట్టం మూతి పైతొట్టెలో మునిగి ఉంటుంది గదా! ఇప్పుడా గొట్టమే సైఫన్ అయి, నీటిని వెనుకకు సంపులోకి లాగుతుంది. మూతికి గాలి తగిలేవరకు ఇది ఆగదు. తొట్టె పొడవు 90 సెం.మీ., వెడల్పు 45 సెం.మీ. అయి, మూతి 12 సెం.మీ. లోతున ఉంటే, కిందికి వచ్చే నీరు 90 × 45 × 12 = 48,600 ఘన సెం.మీ., అనగా సుమారు 48½ లీటర్లు. ఇల్లంతా తడిసిపోవడానికి ఇది చాలును. తెలియకుండానే మనం తూము పెట్టుకొన్నామన్నమాట. మూతిని 2 సెం.మీ. లోతుకు ఎత్తితే దిగే నీరు 8 లీటర్లకు తగ్గుతుంది.

కొందరు ఆ గొట్టానికి నీటిమట్టానికి కొంచెం దిగువగా సన్నని రంధ్రం చేస్తారు. మట్టం తగ్గగానే గాలి చొరబడి సైఫన్ తెగిపోతుంది. ఉపాయం మంచిదే గాని, ఒక నత్తపిల్లయో, కాసింత పాచియో ఆ రంధ్రాన్ని మూసివేయగలదు. ఒకవైపే తెరుచుకొనే వాల్వు సంగతీ అంతే. ఇసుక రేణువు ఇరుక్కొంటే సరిగా మూసుకోదు. వీటిని పెట్టవద్దని కాదు, వీటినే నమ్ముకోవద్దని నా మాట. సంపులో తగినంత ఖాళీ ఉంచడమే గట్టి ఉపాయం. ఖాళీకి పాచి పట్టదు. సంపు 60 × 35 సెం.మీ. అయితే 7 సెం.మీ. ఖాళీలో 14.7 లీటర్లు పడుతుంది; పై 8 లీటర్లకు, అలుగుపై నిలిచి ఉండే నీటికి, గొట్టాలలోని నీటికి కలిపి ఇది చాలును. పంపు నడుస్తుండగా ఆ ఖాళీ మిగిలేటట్లు సంపు గోడపై గీత గీసి, ఆవిరైన నీటికి బదులు పోసేటప్పుడు ఆ గీత దాటకుండా చూడవలె.

రెండవ ప్రమాదం ఇంతకంటె మోసకరమైనది. అద్దానికి రంధ్రం చేయడానికి జంకి, అంచుమీదుగా వంపుగొట్టం వేలాడదీసి నీటిని దింపేవారున్నారు. వంపు పైభాగంలో పీడనం వాతావరణ పీడనం కంటె తక్కువగా ఉంటుంది గనుక, నీటిలో కరిగి ఉన్న గాలి అక్కడ బుడగలుగా విడివడుతుంది. ప్రవాహం వేగంగా ఉంటే బుడగలు కొట్టుకొనిపోతాయి; మందంగా ఉంటే పోగవుతాయి. ఒకనాటికి నీటిధార తెగిపోతుంది. ఆ సంగతి పంపుకు తెలియదు, ఎక్కిస్తూనే ఉంటుంది. మా కళాశాల ప్రయోగశాలలో ఒక సోమవారం తలుపు తీసేసరికి నేలంతా నీరు, ఎండిన సంపులో పంపు వట్టిగా తిరుగుతున్నది. వంపులో బొటనవ్రేలంత గాలిబుడగ నిలిచి ఉన్నది. పైతొట్టె నిండుగా ఉండి చేపలు బాగానే ఉన్నాయని సంతోషించాము. కాని వడపోతలో అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవులు ఎండి నశించినవి. ఆ వారంలోనే నాలుగు చేపలు చచ్చిపోయాయి.

అందుచేత వెనుకగోడకు, పైఅంచుకు దగ్గరగా రంధ్రాలు చేయించడమే మేలు. అడుగున రంధ్రం చేస్తే, రబ్బరు వాషరు చెడిన నాడు అది తూమే అవుతుంది. మామూలు అద్దాన్ని నీరు పోస్తూ వజ్రపు పొడి పూసిన బిట్టుతో తొలవవచ్చు. కాని వేడిచేసి చల్లార్చి గట్టిపరచిన టెంపర్డ్ అద్దాన్ని తాకితే అది ముక్కముక్కలవుతుంది. దీనిని గుర్తించే ఉపాయమొకటి ఉన్నది. ఎల్‌సీడీ తెరపై తెల్లని కాంతి ఉంచి, ధ్రువణ కళ్లద్దాలను తెర నల్లగా కనబడేవరకు తిప్పి, నడుమ ఈ అద్దాన్ని పెట్టి చూడండి. టెంపర్డ్ అద్దమైతే అందులోని ఒత్తిళ్లు మచ్చలుగా, రంగులుగా కనబడతాయి.

రంధ్రాల ముందు లోపలివైపున చిన్న అద్దపు పెట్టె అతికించవలె. దాని పైఅంచే మన అలుగు. అందులో రెండు గొట్టాలుండవలె. మొదటిదాని మూతి నీటిలో బాగా మునిగి ఉంటుంది. దానికి కింద గేటు వాల్వు పెట్టి, గొట్టంలో గాలి లేకుండా నీరు నిండుగా దిగేటట్లు కుదించాలి. గాలి, నీరు పెనుగులాడకపోవడంచేత గుడగుడ చప్పుడుండదు. దాని కింది కొన సంపు నీటిలో 2 సెం.మీ. కంటె ఎక్కువ మునగరాదు; మునిగితే కరెంటు తిరిగి వచ్చినప్పుడు లోపలి గాలి బయటపడలేదు. రెండవ గొట్టం మూతి కొంచెం ఎత్తున ఉంటుంది. దానికి వాల్వు పెట్టరాదు. పంపు ఎక్కించే నీటినంతా అదొక్కటే దింపగలిగినంత లావుగా ఉండవలె. మామూలుగా అందులో సన్నని ధార మాత్రమే దిగుతుంది. మొదటి గొట్టంలో ఆకు అడ్డుపడిన నాడు నీరు ఇందులోకి పొర్లి పెద్ద చప్పుడు చేస్తుంది. ఇంటివారికి అదే హెచ్చరిక.

రెండూ మూసుకొంటే? పంపు గదిలోని నీటికి మించి పంపు ఎక్కించలేదు. ఆ గది 40 × 30 సెం.మీ. అయి, అందులో పంపు తోడగలిగిన నీరు 12 సెం.మీ. ఎత్తున ఉంటే మొత్తం 14.4 లీటర్లు. పైతొట్టెలో అది మట్టాన్ని సుమారు 3½ సెం.మీ. పెంచుతుంది. కాబట్టి నీటిమట్టానికి పైన 5 సెం.మీ. అద్దం మిగిల్చితే నేల తడవదు.

చేపలను వదలకముందే వట్టి నీటితో పరీక్ష చేయండి. విద్యుత్తీగ సాకెట్టుకంటె కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేటట్లు ఉంచితే తీగ వెంబడి జారే నీరు సాకెట్టుకు చేరదు. పంపు ఆపి సంపు ఎంతవరకు నిండుతుందో చూడండి. తిరిగి నడిపించి, మొదటి గొట్టానికి గుడ్డ అడ్డుపెట్టండి. పిదప రెండవదానికి కూడా. ఈ పని పగటిపూట, బకెట్టు, గోనెసంచి దగ్గర పెట్టుకొని చేయండి.